అండమాన్‌లో హనీమూన్: ఎన్ని దీవులు, ఎన్ని రోజులు, ఏ వరుసలో?

నికాహ్ అయింది, వలీమా అయింది. ఇక ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: “ఎక్కడికి వెళ్తున్నారు?” ఈ మధ్య మన కుటుంబాల్లో కొత్త జంటలు ఎక్కువగా చెప్తున్న పేరు అండమాన్. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, ఖర్చు మన రూపాయల్లోనే. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే సుమారు రెండున్నర గంటల్లో దిగిపోవచ్చు.

అయితే అండమాన్ అంటే ఒక్క ఊరు కాదు, సముద్రం మధ్య విడివిడిగా ఉన్న దీవులు. ఊటీకో మున్నార్‌కో వేసుకున్నట్టు ప్లాన్ వేసుకుంటే ఇక్కడ కుదరదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లాలంటే ఫెర్రీ ఎక్కాలి. ఫెర్రీకి ఒక టైమ్ ఉంటుంది. గాలి ఎక్కువైతే అది ఆగిపోతుంది. “ఆరు రోజుల్లో ఏడు దీవులు” అని ఎవరైనా ఆశ పెడితే, ఆ ఆరు రోజుల్లో సగం జెట్టీల దగ్గర లైన్లోనే గడుస్తుందని అనుకోవాలి. దీవులు తగ్గించుకోండి, రోజులు పెంచుకోండి. ఈ వ్యాసం సారాంశం అదే.

ముందు పేర్లు తెలుసుకోండి

టికెట్ చూసి కంగారు పడేవాళ్లు చాలామంది ఉంటారు, ఎందుకంటే పేర్లు మారాయి. 2018 డిసెంబరులో హేవలాక్ దీవికి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవికి షహీద్ ద్వీప్, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. రాజధాని పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. జనం నోట్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

కొత్త జంట చూడాల్సినవి ముఖ్యంగా మూడే: పోర్ట్ బ్లెయిర్, హేవలాక్, నీల్. ఈ మూడింటికీ భారతీయులకు ప్రత్యేక పర్మిట్ అవసరం లేదు, ఫొటో గుర్తింపు కార్డు ఉంటే చాలు. నికోబార్ దీవులు మామూలు టూరిస్టులకు తెరిచి లేవు.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతంగా, నీళ్లు తేటగా ఉంటాయి. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం. 2016 డిసెంబరు మొదటి వారంలో వాతావరణం చెడిపోయి హేవలాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. చివరికి నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఇలా రోజూ జరగదు. కానీ ఒక రోజు చేతిలో ఉంచుకోకుండా ప్లాన్ వేస్తే ఏమవుతుందో ఆ సంఘటన గుర్తు చేస్తుంది.

మన వైపు నుంచి ఇంకో రెండు లెక్కలు చూసుకోవాలి. 2026, 2027 సంవత్సరాల్లో రంజాన్ నెల ఫిబ్రవరి–మార్చిలో వస్తుంది, అంటే మంచి సీజన్ మధ్యలోనే. జనవరి పెళ్లి అయితే రంజాన్‌కు ముందే వెళ్లి రావచ్చు. ఈద్ తర్వాత పెళ్లి అయితే ఏప్రిల్ బాగుంటుంది, ఎండ ఉన్నా సముద్రం మంచిగానే ఉంటుంది. రెండోది జుమాగీలు. పెళ్లి తర్వాత వరసగా వచ్చే శుక్రవారాల దావత్‌లు ఏ రోజున ఎవరింట్లోనో పెద్దవాళ్లతో ముందే మాట్లాడి, ఆ మధ్యలో ఖాళీ చూసుకోండి. గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చిన అబ్బాయిలకు ఈ లెక్క మరీ ముఖ్యం.

ఇంకో మాట. తేదీలు ఖరారు చేసే ముందు దుల్హన్‌ని అడగండి. చాలా ఇళ్లలో టికెట్లు బుక్ అయిన తర్వాతే అమ్మాయికి తెలుస్తుంది. ఆమె ఆరోగ్యం, ఆమె నెలసరి రోజులు, ఆమె ఉద్యోగం సెలవు, ఆమెకు సముద్రమంటే భయమా ఇష్టమా, ఇవన్నీ ఆమెకే తెలుసు. ఈ ప్రయాణం ఇద్దరిది. మొదటి నిర్ణయం కలిసి తీసుకుంటే ఆ తర్వాతివి తేలికవుతాయి. వలీమా తెల్లారే విమానం ఎక్కకండి, కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి.

బుకింగ్ వరుస: విమానం, ఫెర్రీ, ఆ తర్వాతే హోటల్

చాలామంది మొదట హోటల్ బుక్ చేస్తారు. తీరా చూస్తే ఆ రోజు ఫెర్రీలో సీటు ఉండదు, లేదా ఫెర్రీ మధ్యాహ్నం ఉంటుంది. అప్పుడు హోటల్ డబ్బులు పోయినట్టే. అందుకే మొదట విమానం, తర్వాత ఫెర్రీ, ఆ టైమ్‌లను బట్టి హోటల్.

ఫెర్రీలు రెండు రకాలు. ప్రైవేటు ఏసీ ఫెర్రీలు పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవలాక్‌కు సుమారు గంటన్నర నుంచి రెండు గంటల పైచిలుకు తీసుకుంటాయి. క్లాసును బట్టి ఒక్కొక్కరికి ఒక్క ట్రిప్పుకు వెయ్యి నుంచి రెండు వేల పైచిలుకు అవుతుంది. ప్రభుత్వ ఫెర్రీలు చాలా చవక, కానీ కొంచెం నెమ్మది. స్థానికులకు అవే ఆధారం కాబట్టి సీజన్‌లో టికెట్ దొరకడం కష్టం. హేవలాక్ నుంచి నీల్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంట లోపు లేదా కొంచెం అటూఇటూ. జెట్టీకి గంట ముందే చేరాలి, గుర్తింపు కార్డు చూపించాలి.

టికెట్ మీద పేరు ఆధార్ మీద ఉన్నట్టే ఉండాలి. పెళ్లయిందని ఏజెంటు ఉత్సాహంగా దుల్హన్ పేరు వెనక అబ్బాయి ఇంటి పేరు కలిపి బుక్ చేస్తే ఎయిర్‌పోర్టులో తలనొప్పి మొదలవుతుంది. ఆధార్‌లో పాత పేరు, పుట్టింటి అడ్రస్ ఉన్నా ఇబ్బంది లేదు, టికెట్ దానికి సరిపోతే చాలు. నికాహ్‌నామా ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి.

ఓడ కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. ఖాళీ కడుపుతోనూ, కడుపు నిండా తిని కూడా ఎక్కకండి. ఫెర్రీలో మధ్య భాగం సీట్లలో ఊపు తక్కువగా ఉంటుంది.

ఏడు రోజుల ప్లాన్

1వ రోజు: ఉదయం విమానంలో పోర్ట్ బ్లెయిర్. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం సెల్యులార్ జైలు, అక్కడి లైట్ అండ్ సౌండ్ షో. రాత్రి అక్కడే.

2వ రోజు: ఉదయం ఫెర్రీలో హేవలాక్. మధ్యాహ్నం మూడున్నరకల్లా రాధానగర్ బీచ్‌కు బయల్దేరండి. తెల్లటి ఇసుక, వెనక పెద్ద పెద్ద చెట్లు. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలో అత్యుత్తమ బీచ్ అంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. సూర్యాస్తమయం చూడాల్సింది ఇక్కడే.

3వ రోజు: హేవలాక్‌లోనే. ఉదయం స్కూబా గానీ, ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ గానీ. ఒకే రోజు రెండూ పెట్టుకోకండి. మధ్యాహ్నం తర్వాత నిద్ర.

4వ రోజు: ఏమీ పెట్టుకోకండి. పొద్దున్నే కాలాపత్తర్ బీచ్ దాకా స్కూటీ మీద వెళ్లి రండి చాలు. ఇంటికొచ్చాక మీకు గుర్తుండేది బహుశా ఈ రోజే అవుతుంది. మూడో రోజు వాతావరణం బాగోకపోతే ఆ పని ఈ రోజుకు మార్చుకోవచ్చు.

5వ రోజు: ఫెర్రీలో నీల్. ఇది చిన్న దీవి, కూరగాయల తోటలకు పేరు. భరత్‌పూర్ బీచ్‌లో లోతు తక్కువ, నీళ్లు నిశ్చలం, ఈత రానివాళ్లకు బాగుంటుంది. సాయంత్రం లక్ష్మణ్‌పూర్ బీచ్. సముద్రం కోసి చేసిన సహజ రాతి వంతెన ఈ దీవిలోనే ఉంది. అది ఆటుపోట్లలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే చూడాలి, టైమ్ హోటల్ వాళ్లను అడగండి.

6వ రోజు: ఫెర్రీలో తిరిగి పోర్ట్ బ్లెయిర్. సాయంత్రం అబర్డీన్ బజార్‌లో షాపింగ్. రాత్రి అక్కడే.

7వ రోజు: విమానం.

ఆరో రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఎందుకు, నీల్ నుంచి పొద్దున ఫెర్రీ ఎక్కి నేరుగా విమానం పట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకుందామని అలా చేసినవాళ్లకు, ఆ పొద్దున ఫెర్రీ ఆగితే రెండు విమాన టికెట్లు పోతాయి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. ఈ ఒక్క నియమం మాత్రం తప్పకండి.

సెలవు ఐదు రోజులే ఉంటే నీల్ వదిలేయండి. ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్, రెండు రాత్రులు హేవలాక్, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. మూడో దీవి కోసం పరుగెత్తడం కంటే ఇదే నయం.

బారాతాంగ్ సంగతి

ప్యాకేజీల్లో బారాతాంగ్ సున్నపురాతి గుహలు తప్పకుండా ఉంటాయి. వెళ్లాలంటే తెల్లవారుజామున మూడు గంటలకే లేవాలి. దారి జరావా తెగ వారి రిజర్వ్ అడవి గుండా, పోలీసు కాన్వాయ్‌లో. అక్కడ బండి ఆపడం, ఫొటో తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం. వాళ్లు చూడ్డానికి పెట్టిన వస్తువులు కారు, వాళ్ల ఇంట్లోంచి మనం వెళ్తున్నాం. హనీమూన్‌లో ఈ ట్రిప్పు వదిలేసినా మీరు పోగొట్టుకునేది తక్కువే.

సూర్యుడు గంట ముందే

అండమాన్ చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే అక్కడ పొద్దు హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందు పొడుస్తుంది, గంట ముందు కుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే మగ్రిబ్. ఫజర్ నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. జొహర్ వేళ కాలాన్ని బట్టి పదకొండు దాటాక, పదకొండున్నర ప్రాంతం దాకా మొదలవుతుంది. ఫోన్‌లో నమాజ్ యాప్ హైదరాబాద్ మీద ఆగిపోయి ఉంటే టైమ్‌లన్నీ తప్పుతాయి, దిగగానే ఊరు మార్చుకోండి. ఖిబ్లా మన దగ్గరిలాగే పడమర వైపే, కాస్త ఉత్తరానికి వంగి.

హనఫీ పద్ధతిలో ఒక చోట పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే ప్రయాణికుడు కసర్ చేస్తాడు. ఈ ట్రిప్పుకు అది వర్తించే తీరు బయల్దేరే ముందే మీ మసీదు ఇమాం గారిని అడిగి తెలుసుకోండి. ఫెర్రీ టైమ్ చూసుకునేటప్పుడే నమాజ్ టైమ్ కూడా పక్కన రాసుకుంటే హడావుడి ఉండదు.

దీని వల్ల ఇంకో లాభం ఉంది. పొద్దున ఐదున్నరకల్లా వెలుతురు వచ్చేస్తుంది. ఫజర్ తర్వాత బీచ్‌కు వెళ్తే జనం ఉండరు. పర్దా పాటించే అమ్మాయి కూడా హాయిగా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు.

భోజనం, బట్టలు

పోర్ట్ బ్లెయిర్‌లో హలాల్ భోజనానికి ఇబ్బంది లేదు. అక్కడ ముస్లిం జనాభా పాతదే. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత కేరళ మాప్పిళ్లలను పెద్ద సంఖ్యలో ఇక్కడికి పంపారు. దక్షిణ అండమాన్‌లో కాలికట్, వండూర్, మంజేరి అనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. హేవలాక్, నీల్‌లలో ఎక్కువ మంది బెంగాలీలు. అక్కడ చికెన్, మటన్ హలాల్ అవునా కాదా అని హోటల్‌కు బుకింగ్ ముందే ఫోన్ చేసి అడగండి. అనుమానం ఉంటే చేపలు ఉండనే ఉన్నాయి, తాజాగా, కావలసినన్ని. రొయ్యలు, పీతల విషయంలో ఎవరి మస్లక్ వారిది. రిసార్టులో మందు సరఫరా చేసే హాల్ పక్కనే భోజనం వద్దనుకుంటే అది కూడా ముందే చెప్పండి, గదికి తెచ్చిస్తారు.

నీళ్లలోకి నైలాన్ లేదా లైక్రాతో చేసిన, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు తీసుకెళ్లండి. కాటన్ చుడీదార్, చున్నీతో లోతు నీళ్లలోకి దిగడం ప్రమాదం, తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. స్కూబాకు వేసుకునే వెట్ సూట్ ఎలాగూ ఒళ్లు కప్పుతుంది, కానీ ఒంటికి అతుక్కుని ఉంటుంది. పైన వదులుగా వేసుకోవడానికి ఒకటి పెట్టుకోండి. మహిళా శిక్షకురాలు కావాలంటే రెండు మూడు రోజుల ముందే అడగాలి.

సముద్రంతో జాగ్రత్త

మొదటిసారి చేసే స్కూబాకు ఈత రావాల్సిన పని లేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. కానీ ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉంటే దాచకండి, ఫారంలో రాయండి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా దిగకూడదు. స్కూబా చేశాక కనీసం 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు. అందుకే పై ప్లాన్‌లో దాన్ని మూడో రోజే పెట్టాం.

కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి. బోర్డు పెట్టిన చోట, లైఫ్‌గార్డ్ వద్దన్న చోట దిగకండి. హేవలాక్ బీచ్‌లలో ఇసుక ఈగలు కుడతాయి, దురద రోజుల తరబడి పోదు. దోమల క్రీమో కొబ్బరి నూనో కాళ్లకు పట్టించండి. ఇసుక మీద నేరుగా పడుకోకండి.

పగడం ముక్కలు, గవ్వలు, శంఖాలు బీచ్‌లో ఏరి బ్యాగులో వేసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పగడం తేవడం నేరం, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో దొరికిపోతుంది. ఇంటికి తేవాలనుకుంటే ప్రభుత్వ ఎంపోరియం ‘సాగరిక’లో కొని, రసీదు దగ్గర పెట్టుకోండి.

డబ్బు విషయం

ప్యాకేజీ తీసుకుంటే ఈ ఐదు ప్రశ్నలకు రాతలో జవాబు తీసుకోండి: ఏ ఫెర్రీ, ఏ క్లాసు? హోటల్ పేరేంటి, బీచ్‌కు ఎంత దూరం? భోజనం ఏ పూటలది, హలాలేనా? ఫెర్రీ రద్దయితే అదనపు రాత్రి ఖర్చు ఎవరిది? మేం రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుంది? “త్రీ స్టార్ ఆర్ సిమిలర్” అని మాత్రమే రాసి, హోటల్ పేరు చెప్పకపోతే మొత్తం డబ్బు ఒకేసారి కట్టకండి.

దీవుల్లో ఏటీఎంలు తక్కువ. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక నెట్ చాలా మెరుగైంది. అయినా సిగ్నల్ లేక ఫోన్ పేమెంట్ ఆగే సందర్భాలు ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లోనే కొంత నగదు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు కాస్త చేదు మాట. పెళ్లి ఖర్చుతో ఇప్పటికే రెండు కుటుంబాలూ అలిసిపోయి ఉంటాయి. ఆ పైన వడ్డీ ఈఎంఐ మీద హనీమూన్ వద్దు. ఏడు రోజుల ఫొటోల కోసం రెండేళ్లు కిస్తీ కట్టడంలో బర్కత్ లేదు. దుల్హన్ మహర్, ఆమెకు వచ్చిన సలామీ డబ్బు ఆమెవి, “మనిద్దరి ట్రిప్పే కదా” అని అందులో చెయ్యి పెట్టకండి. అమ్మాయి తల్లిదండ్రులు టికెట్లు కొనిపెట్టాలని ఆశించడం కూడా జహేజ్‌కు ఇంకో పేరే. డబ్బు తక్కువైతే ఐదు రోజులు వెళ్లండి, లేదా ఆరు నెలలు ఆగి వెళ్లండి.

మన వాళ్ల జాడలు

పోర్ట్ బ్లెయిర్ బజార్‌లో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. విశాఖపట్నం నుంచి ఓడ కూడా నడుస్తుంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం.

హైదరాబాద్‌తో ఇంకా పాత బంధం ఒకటి ఉంది. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను పట్టుకుని అండమాన్‌కు పంపారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే కన్నుమూశారు. ఆయన్ని సెల్యులార్ జైలులో ఉంచారని కొందరు అనుకుంటారు. కానీ ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. అంతకు ముందు వచ్చిన ఖైదీలకు ఆ దీవులే జైలు. పండితుడు మౌలానా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ కూడా 1861లో ఇక్కడే చనిపోయారు. జైలు ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. హనీమూన్‌లో జైలు ఏంటని తీసేయకండి. ఒక గంట అక్కడ నిలబడి, వాళ్ల కోసం ఫాతిహా చదివి ముందుకు వెళ్లండి.

బయల్దేరే ముందు చూసుకోండి

– ఇద్దరి ఆధార్, నికాహ్‌నామా కాపీ. టికెట్లలో పేర్లు ఆధార్‌తో సరిపోయాయా?
– ఫెర్రీ టికెట్లు ప్రింట్ తీసి. నెట్ లేకపోయినా చూపించేలా.
– చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉందా?
– ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉందా?
– స్కూబాకూ విమానానికీ మధ్య 24 గంటలు ఉన్నాయా?
– ప్రయాణం మాత్రలు, ఇసుక ఈగల క్రీమ్, ఎండ క్రీమ్, వదులు బట్టలు, చిన్న జానమాజ్.
– రెండు ఇళ్లవాళ్లకూ ఒక కాగితం మీద తేదీలు, హోటల్ ఫోన్ నంబర్లు. దీవుల్లో సిగ్నల్ పోతే అమ్మీ వాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పి వెళ్లండి.

ఎన్ని దీవులు చూశారని తిరిగొచ్చాక బంధువులు అడుగుతారు. రెండే అని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఒకరినొకరు తెలుసుకోవడానికి వెళ్లారు, ఆ పనికి రెండు దీవులు చాలు.